వైపరులో మా తోలు

ఎండాకాలంలో కారు వైపరు ఉందో ఊడిందో ఎవరికీ పట్టదు. మొదటి వాన పడ్డనాడు దాని విలువ తెలుస్తుంది. లోకం నన్ను కూడా అలాగే చూసింది కాబట్టి ఆ వస్తువంటే నాకు మొదటినుంచీ పక్షపాతం. ఇన్నేళ్ళు మర్యాదకు పోయి ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఆ మర్యాద నాకేమీ ఒరగబెట్టలేదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. సైదాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర నేను డ్రైవరుగా ఉండేవాణ్ణి. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, పట్టుపట్టి చదువుకుని డాక్టరైన మనిషి ఆమె. పాతబస్తీలో పరదా పాటించే ఇళ్ళకు కాన్పులు చేయడానికి వెళ్ళేది. ఆ ఇళ్ళ జనానాలోకి మగ డాక్టరు అడుగు పెట్టే మాటే లేదు. ఆడ డాక్టర్లు చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. గేటు దగ్గర ఎవరు వచ్చి పిలిచినా ఆమె సంచి పట్టుకుని బయలుదేరేది, నేను బండి తీసేవాణ్ణి. డాక్టరు కాబట్టి పెట్రోలు కూపన్లు దొరికేవి. మిగతా ఊరంతా వెనకాల బొగ్గుల బట్టీ తగిలించుకున్న బస్సుల్లో దగ్గుకుంటూ తిరిగేది.

బండి ఇంగ్లండు నుంచి వచ్చిందే గాని అప్పటికే పదేళ్ళు దాటిన ముసలిది. దాని గొంతు, దాని దగ్గు, దాని అలక అన్నీ నాకు తెలుసు. అంతకుముందు ఒక నవాబు దేవిడిలో మోటార్లు కడుగుతూ డ్రైవింగ్ నేర్చుకున్నాను. అక్కడ ఎవరూ నా కులం అడగలేదు. బండి తళతళలాడితే చాలు వాళ్ళకు.

ఇక్కడ అడిగారు. డాక్టరమ్మకు ఒక అన్న ఉండేవాడు. సర్కారు కచేరీలో పని. ఇంటి పెత్తనమంతా ఆయనదే. ఆచారం గల మనిషి. చెల్లెలు కాన్పు చేసి వస్తే పెరట్లో తలస్నానం చేసిగాని ఇంట్లో అడుగు పెట్టకూడదని రూలు పెట్టాడు. కొలువు కోసం వెళ్ళిన రోజు నన్ను గేటు అవతలే నిలబెట్టి, "డ్రైవింగ్ ఒస్తది సరే. మీరేమోళ్లు?" అన్నాడు.

"కమ్మరోళ్లమయ్యా," అన్నాను.

అబద్ధం. మేం మాదిగలం. మా బాపు గుడిమల్కాపూర్ పూలతోటల బావులకు తోలుతో మోట బొక్కెనలు కుట్టేవాడు, చుట్టుపక్కల కమ్మరులకు కొలిమి తిత్తులు చేసిచ్చేవాడు. చిన్నప్పుడు నేను ఆయనతోపాటు కమ్మరి కొట్టాల చుట్టూ తిరిగాను. నిప్పుల దగ్గర కూర్చున్న మనిషిని చూశాను. ఆయన కులం పేరు చెప్పుకుంటే ఏం పోతుంది అనుకున్నాను. ఒక్క మెట్టు పైకి జరిగి కూర్చున్నాను, అంతే. కాని ఆ ఒక్క మెట్టు మీద రెండేళ్ళు ఎంత ఒదిగి కూర్చున్నానో నాకే తెలుసు. మాట జారకూడదు, చుట్టం ఎవరూ వెతుక్కుంటూ రాకూడదు, చెప్పు తెగితే సొంతంగా కుట్టుకోకూడదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు ఉండేది నా బతుకు.

ఇక వైపరు సంగతి. మా బండి వైపరు కరెంటుతో నడిచేది కాదు. అద్దం పైన సబ్బుపెట్టెంత ఇనుప డబ్బా ఉండేది. దాన్నుంచి సన్నని రబ్బరు గొట్టం ఇంజను దాకా పోయేది. ఇంజను నడిచేటప్పుడు ఆ గొట్టంలోంచి గాలి పీల్చుకుంటుంది. ఆ పీల్పుకు డబ్బాలో ఒక రెక్క అటూ ఇటూ కొట్టుకుంటుంది. దాంతోపాటు బయటి పుల్ల కదిలి అద్దం తుడుస్తుంది. ఇందులో ఒక తిక్క ఉంది. చడావు ఎక్కేటప్పుడు పీల్పు తగ్గి వైపరు నీరసపడుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటుంది. అవసరమైనచోట నీరసపడి, అక్కర్లేనిచోట హడావిడి చేసే మనుషులు నాకు చాలామంది తెలుసు కాబట్టి అది వింతగా తోచలేదు.

ఆ యేడు వానలు ముందే దిగాయి. వైపరు మొదట బద్ధకించింది, తర్వాత మొరాయించింది. ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఉస్తాద్ అంటే చార్మినార్ వెనక సందులో మోటారు రిపేర్లు చేసే పెద్దాయన. పాతబస్తీలో ఆయన చెయ్యి పడని బండి లేదు. డబ్బా మూత తీసి, "సూఖ్ గయా, ఎండింది," అని గొణిగి, లోపల దండిగా ఇంజనాయిలు పోసి, గ్రీసు పట్టించి బిగించాడు. ఒక పూట బ్రహ్మాండంగా నడిచింది. మర్నాడు లాడ్ బజార్ మలుపులో, కుండపోత వానలో, పుల్ల అద్దం నడిమధ్య ఆగిపోయింది. తంబాకు నలిపి అద్దానికి రుద్దితే నీళ్ళు నిలవవని డ్రైవర్లు చెప్పేవారు. రుద్దాను. ముక్కుకు ఘాటు తగిలింది తప్ప ముందు ఏముందో కనబడలేదు. బ్రేకు తొక్కేసరికి గాజుల బండికి బంపరు తగిలింది. మనిషికి ఏమీ కాలేదు గాని లక్కగాజులు రోడ్డంతా దొర్లాయి. జనం చేరారు, మస్తు లొల్లి అయింది.

సాయంత్రానికి ఆ లొల్లి సైదాబాద్ చేరింది. అన్నగారు వరండాలో నిలబడి తీర్పు చెప్పాడు.

"వైపరు బాగయ్యేదాంక బండి కదలద్దు. డాక్టరమ్మ ఝట్కల పోతది. దసరా దాంక చూస్త. కాలేదనుకో, బండి అమ్మేస్త. డ్రైవరుతోని ఇగ పనేముంది?"

అదీ నా ముందున్నది. ఆ స్టీరింగు పోతే మళ్ళీ దేవిడిలో బకెట్టు, గుడ్డ. దేవిడీల్లో కూడా పెట్రోలు లేక బండ్లు మూలపడి ఉన్నాయి. ఊళ్ళో డ్రైవర్లు ఎక్కువ, నడిచే బండ్లు తక్కువ.

డబ్బా ఊడదీసి మళ్ళీ ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన మూత తీశాడు. ఈసారి నేను దగ్గరగా వంగి చూశాను. లోపల నల్లటి జిగట. దాని మధ్య పల్చటి ఇనుప రెక్క. రెక్క చుట్టూ మాడిన అప్పడంలా ముడుచుకుపోయిన అంచు. రబ్బరు అనుకున్నాను ఇన్నాళ్ళూ. వాసన తగలగానే తెలిసిపోయింది. తోలు.

"మస్తు ఆయిల్ పోసిన భాయ్. ఇంకేం పొయ్యాలె దీనికి?" అన్నాడు ఉస్తాద్.

ఆ ఆయిలే దాన్ని చంపింది. ఇనుముతో బతికే మనుషులు ఏ జబ్బుకైనా ఇంజనాయిలే మందనుకుంటారు. తోలు ఇనుము కాదు. దానికి ఆముదం కావాలి, అదీ నులివెచ్చగా, కొంచెం కొంచెంగా. మా వాడలో ముక్కు చీదడం రాని పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. కమ్మరివాడికి తోలు వైద్యం ఇంత ఎలా తెలుసని అడిగితే?

"కొత్తది బంబయి నుంచి రావాలె. జంగ్ ఖతమైనంక వస్తది," అన్నాడు ఉస్తాద్.

"యుద్ధం ఎప్పుడు ఖతమైతది ఉస్తాద్?"

"గది నా కార్ఖానల తేలే ముచ్చట కాదు భాయ్."

తలూపి వచ్చేశాను. డబ్బాను రుమాలులో చుట్టి నా గదిలో పెట్టుకున్నాను. అది ఎలా బాగవుతుందో తెలిసి, నాలుగు రోజులు దాన్ని చూస్తూ ఊరుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, రాస్తున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం షాలిబండ నుంచి పిలుపు వచ్చింది. డాక్టరమ్మ ఝట్కాలో బయలుదేరింది. దారిలో వానకు గుర్రం జారి పడింది. ఇంకో ఝట్కా దొరికి ఆమె ఆ ఇల్లు చేరేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. తిరిగి వచ్చాక ఆమె పెరట్లో బావి దగ్గర చాలాసేపు నీళ్ళు పోసుకుంది. బండి ఉంటే బిడ్డ బతికేదని ఆమె అనలేదు. ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. నా కులం దాచుకోవడానికి నేను నోరు మూసుకున్నాను, ఆ నోరు మూసుకున్నందుకు ఎక్కడో ఒక తల్లి ఒడి ఖాళీ అయింది. మొదట ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. నా మీద కొంత, నన్ను గేటు బయట నిలబెట్టి ఆ ప్రశ్న అడిగిన మనిషి మీద కొంత. ఆ కోపం మంచిదే అయింది. అది లేకపోతే నేను లేచేవాణ్ణి కాను.

మర్నాడు పొద్దున్నే డబ్బా చంకలో పెట్టుకుని గుడిమల్కాపూర్‌కు నడిచాను. ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి. మా బాపు గుడిసె ముందు మోట బొక్కెన ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నాడు. పక్కనే బంతిపూల గంపలు మార్కెట్టుకు పోతున్నాయి. డబ్బా విప్పి చేతిలో పెట్టాను. బాపు రెక్కను బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీన్ని ఎవడు సంపిండురా?"

"ఇంజన్ ఆయిల్ పోసిన్రు."

"గదే అనుకున్న." డబ్బాను అటూ ఇటూ తిప్పి, గొట్టం దగ్గర వేలు పెట్టి, రెక్కను ఆడించి చూశాడు. కాసేపటికి నవ్వాడు. "ఇది తిత్తి గదరా. కొలిమి తిత్తి గాలి ఊదుతది, ఇది గుంజుతది. ఇంగ్లీషోడు గింత దూరం నుంచి తిత్తి చేసి పంపిండా?"

"చేసిస్తవా బాపు?"

"నాకు కండ్లు కనవడుతలెవ్వు. నువ్వు చెయ్యి."

"నాకు అలవాటు తప్పింది."

"తప్పలె. దాసిపెట్టినవు."

నేను నేల చూపులు చూశాను. బాపు తన పని చేతిలోకి తీసుకున్నాడు. ఆరెతో బొక్కెన అంచుకు రంధ్రం పొడుస్తూ, తల ఎత్తకుండా, మామూలుగా అడిగాడు.

"కమ్మరోళ్లమని చెప్పినవట గదా. సైదాబాద్ దిక్కు పూలు అమ్మే ఆమె చెప్పింది."

"ఔ బాపు."

"కమ్మరాయన కొలిమి మండేది మన తిత్తి మీదనే. తిత్తి లేకపోతే గది సల్లటి బొగ్గు. మరి గా కమ్మరాయన ఎన్నడన్న, నేను మాదిగోణ్నని చెప్పుకున్నడా?"

తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాణ్ణి. బాపు తిట్టలేదు. గుడిసెలోకి వెళ్ళి మేకపిల్ల తోలు ఒకటి తెచ్చి నా ముందు వేశాడు. తంగేడు చెక్కలో నానబెట్టి పదును చేసిన తోలు. వేళ్ళ మధ్య నలిపితే పాత చీర కొంగులా మెత్తగా ఒరిగింది.

రెండు రోజులు అక్కడే ఉన్నాను. పాత తోలును అచ్చుగా పెట్టి, తోలు కోసే రంపెతో గీసి, అంచులు పల్చగా చెక్కాను. రెండేళ్ళు స్టీరింగు పట్టుకున్న చేతులు మొదటి గంట మొండికేశాయి, తర్వాత దారికి వచ్చాయి. బాపు అన్నది నిజమే, చెయ్యి మరిచిపోలేదు. మొదటిసారి కోసిన తోలు డబ్బాకు మరీ బిగుతుగా వచ్చింది. రెక్క కదల్లేదు. బాపు పక్కనుంచి చూసి, "తోలుకు జాగ ఇయ్యాలె. ఇనుములెక్క బిగిస్తే అలుగుతది," అన్నాడు. రెండోది అంచులు కాస్త బయటికి వంచి కోశాను. పీల్పు తగలగానే ఆ అంచులు గోడకు ఆనుకుని గాలి పోకుండా పడతాయి. దానికి ఒక రోజంతా నులివెచ్చటి ఆముదం కొంచెం కొంచెంగా పట్టించి, తుడిచి, ఇనుప రెక్కకు ఎక్కించాను. డబ్బాలో నల్ల జిగటంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మూత పెట్టాను.

ఇంజను లేదుగా, పరీక్ష ఎలా? గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. టక్‌మని రెక్క అటు పడింది. మళ్ళీ పీల్చాను. టక్‌మని ఇటు పడింది. ఆముదం వాసన గొంతులోకి దిగింది.

బాపు చూస్తూ కూర్చున్నాడు. "నోట్లెనే పెట్టుకున్నవు గదా. ఇగ సిగ్గు దేనికి?" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. రెండేళ్ళ తర్వాత మా ఇంట్లో కడుపు నిండా తిన్నాను.

సైదాబాద్ చేరిన మర్నాడు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. అన్నగారి దగ్గర తాళంచెవి అడిగి, డబ్బా బిగించి, ఇంజను వేశాను. పుల్ల లేచింది. టక్ టక్‌మని అద్దం ఈ చివరినుంచి ఆ చివరికి శుభ్రంగా తుడిచింది. డాక్టరమ్మ కిటికీలోంచి చూసి తల ఊపింది. అన్నగారికి మాత్రం నమ్మకం కుదరలేదు. నేనే చేశానని చెప్పినా, బొంబాయి నుంచి రావలసిన సామాను లేకుండా బండి ఎలా బాగైందని అనుమానం. ఉస్తాద్‌కు కబురు పంపాడు. ఆయన సైకిలు మీద వచ్చి, ఇంజను ఆపమని, మూత తీసి లోపలికి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. వేలితో తోలు అంచు తడిమాడు.

"వాహ్. గిది బంబయి మాల్ కాదు. ఎవరు చేసిన్రు? పెద్ద ఉస్తాద్ చెయ్యి ఇది."

"మావోడే చేసిండు," అన్నాడు అన్నగారు కొంచెం గర్వంగా. "కమ్మరోడు గదా, పనితనం యాడికి పోతది?"

"నై సాబ్. కమ్మరోడు ఇనుము ఎరుగుతడు. ఇది తోలు ఎరిగిన చెయ్యి."

ఉస్తాద్ మనసులో ఏ కుట్రా లేదు. మెచ్చుకోవాలనే అన్నాడు. అంతకుముందు ఇలాంటి మాట వినబడితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఎక్కడో నేర్చుకున్నాననో, ఎవరితోనో చేయించాననో కథ అల్లేవాణ్ణి. ఆ పొద్దు కథ అల్లబుద్ధి కాలేదు. పని నాది. పేరు ఇంకో కులం ఖాతాలో పోతుంటే చూస్తూ నిలబడలేకపోయాను.

"నేనే చేసిన. మా బాపు దగ్గర కూసొని చేసిన," అన్నాను. "మేం కమ్మరోళ్లం కాదయ్యా. మాదిగోళ్లం. నేను అబద్ధం చెప్పిన."

అన్నగారి ముఖంలో రక్తం దిగిపోయింది. రెండేళ్ళలో నేను ఏమేం ముట్టుకున్నానో తలుచుకుంటున్నాడని ఆ కళ్ళే చెప్పాయి. రెండడుగులు వెనక్కి వేశాడు.

"రెండేండ్ల సంది మమ్ముల మోసం చేసినవు."

"అబద్ధం చెప్పింది ఒక్క మాట. పనిల ఒక్కనాడు మోసం చెయ్యలె. మీరు అడిగింది డ్రైవింగు గురించి అయితే అబద్ధం చెప్పకపోదును."

"నోరు లేస్తుందా? తాళంచెవి గా మెట్టు మీద పెట్టు. పెట్టి పో."

తాళంచెవి నా చేతిలోనే ఉంది. రోజూ పొద్దున ఆయన చేత్తో నా చేతిలో పెట్టేవాడు, సాయంత్రం నా చేతిలోంచి తీసుకునేవాడు. ఇవాళ అది మెట్టు మీద పెట్టాలట. నేను వెళ్ళాక నీళ్ళు చల్లి తీసుకుంటాడు. వారం క్రితం అయితే పెట్టేసి తల వంచుకుని పోయేవాణ్ణేమో. నేను అరచేయి చాచి, దాని మీద తాళంచెవి పెట్టి, ఆయన ముందు నిలబడ్డాను.

"మీరు నా చేతికి ఇచ్చిన్రు. నా చేతిల కెల్లి తీస్కోండి. ఇప్పుడే పోత."

"కింద పెట్టమన్న."

"పెట్టనయ్యా."

ఉస్తాద్ ఒకసారి నన్ను, ఒకసారి ఆయన్ని చూశాడు. "తీస్కోండి సాబ్. తాళంచెవే గదా, కరుస్తదా?" అన్నాడు. అన్నగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన చిక్కు నాకు అప్పుడు అర్థమైంది. నన్ను తీసేయాలంటే తాళంచెవి తీసుకోవాలి. తీసుకోవాలంటే నన్ను ముట్టుకోవాలి. ఆయన ఆచారమే ఆయన చేతులు కట్టేసింది. నా చెయ్యి నొప్పెట్టింది గాని దించలేదు.

అంతలో గేటు దగ్గర ఒక ముసలి నౌకరు తడుస్తూ వచ్చి నిలబడ్డాడు. షాలిబండ నుంచే, ఈసారి వేరే ఇల్లు. తెల్లవారకముందు నుంచి కోడలుపిల్లకు నొప్పులు, మంత్రసాని చేతులెత్తేసిందట. డాక్టరమ్మ సంచి పట్టుకుని బయటికి వచ్చింది. జరిగిందంతా కిటికీలోంచి విన్నది. నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. అన్నను దాటుకుని వచ్చి, బండి తలుపు తానే తీసుకుని వెనక సీట్లో కూర్చుని, "పోదాం" అంది.

"అయ్యా, తీస్కుంటరా?" అని ఆయన్ని ఆఖరుసారి అడిగాను. ఆయన చేతులు వెనకనే ఉన్నాయి. వెళ్ళి బండి స్టార్ట్ చేశాను.

వాన పెద్దదైంది. షాలిబండ చడావు దగ్గర వైపరు తన సహజగుణం చూపించి నీరసపడింది గాని ఆగలేదు. ఒక క్షణం కాలు తీసి, అద్దం తుడవనిచ్చి, మళ్ళీ తొక్కాను. అలా తొక్కుతూ, తీస్తూ ఎక్కించాను. ఆ ఇంటి ముందు ఆపగానే ఆమె దాదాపు పరుగెత్తింది. నేను బండిలో కూర్చుని వాన చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం దాటాక లోపలినుంచి బిడ్డ ఏడుపు వినబడింది. స్టీరింగు మీద తల ఆనించి నేనూ ఏడ్చాను. ముందటి బిడ్డ తిరిగి రాలేదు. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చేసరికి నేను బండి దిగి తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. తలుపు తీయలేదు.

"డాక్టరమ్మా, తెలిసే ఎక్కుతున్నరా?"

"పొద్దున కూడ తెలిసే ఎక్కిన గదా."

"పొద్దున అవసరం పడ్డది. ఇప్పుడు ఝట్క దొరుకుతది."

ఆమె బాగా అలసిపోయి ఉంది. సంచి కింద పెట్టి, "ఏమడగాల్నో అడుగు" అంది.

"ముందే నిజం చెప్తే కొలువు ఇచ్చెటోళ్లా?"

"అన్నయ్య ఇయ్యకపోతుండె."

"మీరు?"

"ఎందుకు ఇయ్యలేదని నేను అన్నయ్యను అడగకపోదును," అంది. "నాసుంటిది అడగాలె. కాన్పు చేసొస్తే నన్నే ఇంట్లకు రానియ్యరు. అయినా అడగకపోదును. నీతోని అబద్ధమెందుకు?"

ఆ మాట నాకు తియ్యగా లేదు. కాని నిజంగా ఉంది. రెండేళ్ళలో మేమిద్దరం ఒకరికొకరు చెప్పుకున్న మొదటి నిజాలు ఆ రోజువే. తలుపు తీశాను. సైదాబాద్‌లో దిగేటప్పుడు ఆమె, "రేపు ఏడింటికి రా. తాళంచెవి నీ దగ్గర్నే ఉండని," అని లోపలికి వెళ్ళింది. దయ తలిచిందని నేను అనుకోలేదు. ఆమెకు డ్రైవరు కావాలి, నాకు స్టీరింగు కావాలి. దయ మీద బతికితే రేపు అది మళ్ళుతుంది. అవసరం మళ్ళదు.

అన్నగారు ఆ రోజునుంచి కచేరీకి ఝట్కాలో పోవడం మొదలుపెట్టాడు. నేను ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. నేను మాత్రం నమస్కారం మానలేదు. ఎక్కడ బడితే అక్కడ ఎదురుపడి మరీ పెట్టేవాణ్ణి. పొగరంటే పొగరే.

రెండు వారాలు గడిచాయో లేదో ఒక పొద్దున ఆకాశం చిల్లుపడినట్టు వాన. రోడ్డు మీద మోకాటిలోతు నీళ్ళు, ఒక్క ఝట్కా లేదు. కచేరీలో పెద్ద అధికారి తనిఖీ ఉందట. డాక్టరమ్మ ఇంట్లోంచే, "బండి ఉన్నది గదా అన్నయ్యా" అంది. ఆయన వరండాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి గొడుగు వేసుకుని బండి దగ్గరికి వచ్చి, తలుపు ముందు నిలబడ్డాడు. అలవాటు ప్రకారం తలుపు డ్రైవరు తీయాలి. నేను దిగి, పిడి మీద చెయ్యి వేసి ఆగాను.

"అయ్యా, నేను మాదిగోణ్ని. అద్దం తుడిచేది మా బాపు పదును చేసిన తోలు. తెలిసే ఎక్కుతున్నరా?"

"కచేరికి టైమైతుంది," అన్నాడు.

"నేనడిగింది టైము కాదు."

గొడుగు మీద వాన దబదబా కొడుతోంది. ఆయన నన్ను చూడలేదు. నేల వైపు చూస్తూ, పెదాలు కదిపీ కదపనట్టు, "తెలిసే" అన్నాడు.

నాకు వినబడింది. అయినా, "వాన చప్పుడుల ఇనవళ్లేదయ్యా" అన్నాను.

ఆయన తల ఎత్తాడు. నన్ను చూసి, ఈసారి గట్టిగా, ఇంట్లోవాళ్ళకు కూడా వినబడేలా చెప్పాడు. అప్పుడు తలుపు తీశాను.